పాటల టీచరు పాత కొలతలు

కత్తెరమ్మకు పాత కొలతలంటే చులకన. ముప్పై ఏళ్ళుగా ఆడవాళ్ళకు గౌన్లు కుడుతోంది. "మనిషి ఇవాళ ఎలా ఉంటే అలా కుట్టాలి, పోయినేడు ఎలా ఉందో నాకెందుకు?" అనేది. ఎవరైనా వచ్చి "అవే కొలతలు, కుట్టెయ్యండి" అంటే ఊరుకునేది కాదు. టేపు చుట్టి చూసి, "అవే కావు తల్లీ, రెండంగుళాలు పెరిగావు" అని నలుగురి ముందూ చెప్పేసేది. ఆ పేరు చేతిలో కత్తెరను మాత్రమే చూసి పెట్టింది కాదన్నమాట. అయినా ఆ వీధి ఆడవాళ్ళెవరూ ఇంకో కుట్టు కొట్టు మెట్లెక్కలేదు.

కొలతల పుస్తకాలను చెదలు తినేశాక, కోడలు ఒక పాత కంప్యూటరు తెచ్చి కొట్లో మూల పెట్టింది. ఒక్కొక్కరికీ ఒక్కో ఫైలు. అత్తగారు చూపుడువేలితో అంకెలు కొట్టడం నేర్చుకుంది. కొత్త కొలత తీయగానే పాత అంకె చెరిపి, అక్కడే కొత్తది కొట్టి, సేవ్ నొక్కి, ఇల్లు ఊడ్చినంత తృప్తి పడేది. ఫైళ్ళ నకళ్ళు ఎప్పటికప్పుడు దాచడానికి కోడలు పక్కన ఒక చిన్న నల్ల డబ్బా కూడా తగిలించింది. దాని దీపం మిణుకుమంటుంటే కత్తెరమ్మకు చిరాకు. పీకి సొరుగులో పడేసేది. కోడలు వచ్చినప్పుడల్లా తీసి మళ్ళీ తగిలించేది. దీని మీద ఇద్దరూ పల్లెత్తు మాట అనుకునేవారు కాదు.

ఆమె దగ్గర కుట్టించుకునేవాళ్ళలో బడిలో పిల్లలకు పాటలు నేర్పే టీచరు ఒకామె. భారీ మనిషి, నవ్వితే కుట్టుమిషను చప్పుడు కూడా వినిపించేది కాదు. ఎనిమిది నెలలు జబ్బు పడి సగమైంది. పోయిన నెల మూడు గౌన్లు తెచ్చి బల్ల మీద పెట్టి, "వీటిని బిగించండి, సంచుల్లా వేలాడుతున్నాయి" అంది. కొత్తది కుట్టించుకోమంటే, "ఇంకా కొత్తవెందుకులెండి" అని ఎటో చూసింది. కత్తెరమ్మ గౌన్లు బిగించింది. లోపల మిగిలిన గుడ్డ పలచని ఒంటికి గుచ్చుకుంటుందని మూడింటిదీ కత్తిరించి పారేసింది. ఫైల్లో పాత అంకెలు చెరిపి కొత్తవి కొట్టింది.

ఒక పొద్దున టీచరు మొగుడు వచ్చాడు. బస్సు డ్రైవరు. చంకలో కాగితం పొట్లం, అందులో నాలుగు మీటర్ల నీలం గుడ్డ.

"అక్కా, మా ఆవిడకి గౌను కుట్టాలి. పాత కొలతలకి."

"పాత కొలతలకా? అందులో ఇద్దరు పడతారు ఇప్పుడు."

"వైద్యం అయిపోయింది, ఇక తింటే చాలు అన్నాడు డాక్టరు. కానీ తను నమ్మట్లేదక్కా. వచ్చే నెల అంటే మాట మార్చేస్తుంది, బడికి వెళ్ళనంటుంది. మళ్ళీ మునుపట్లా అవుతావని నేనంటే ఓదారుస్తున్నాననుకుంటుంది. నువ్వు కుడితే..." మాట మధ్యలో ఆపి పొట్లం బల్ల మీద పెట్టాడు. "నువ్వు అబద్ధం కుట్టవని అందరికీ తెలుసు కదా."

కత్తెరమ్మ గుడ్డ తీసుకుని, నాలుగో రోజు రమ్మంది. అతను మెట్లు దిగాక కంప్యూటరు ముందు కూర్చుని టీచరు ఫైలు తెరిచింది. నడుము ముప్పై. ఛాతీ ముప్పై నాలుగు. అంతే ఉంది ఫైల్లో. పాత గౌన్లు కొలుద్దామంటే వాటి గుడ్డ ఎప్పుడో చెత్తబుట్టలోకి పోయింది. పూర్వం ఎవరి కొలతైనా నిద్రలో లేపి అడిగినా చెప్పేది. కంప్యూటరు వచ్చాక బుర్రకు ఆ పని తప్పింది. ముప్పై ఎనిమిదా? నలభయ్యా? ఆ పెద్ద మనిషిని తనే తన వేలితో చెరిపేసినట్టనిపించి ఆవిడకు ఏడుపొచ్చింది.

కోడలికి ఫోన్ చేసింది. భోజనాల వేళ కోడలు గబగబా వచ్చింది.

"ఏమీ ముట్టుకోలేదు కదా అత్తయ్యా?"

"చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానే."

కోడలు సొరుగులోంచి నల్ల డబ్బా తీసి తగిలించింది. ఫైలు మీద మౌసు కుడివైపు నొక్కి, ఏదో తెరిచి, పాత ప్రతుల జాబితా చూపించింది. తారీఖులు వరసగా లేవు. డబ్బా తగిలించి ఉన్న రోజులే ఉన్నాయి, అవి మూడే. మొదటిదాంట్లో నడుము ముప్పై. రెండోదీ ముప్పై. కత్తెరమ్మ చూడలేక కళ్ళు మూసుకుంది.

"ఇది పోయినేటిది అత్తయ్యా. నడుము ముప్పై ఎనిమిది, ఛాతీ నలభై రెండు."

ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. "అమ్మయ్య! అది అక్కడ పెట్టెయ్యి, రిస్టోర్ అని ఉంది చూడు, నొక్కు!"

"ఆగండి. అది నొక్కితే ఇప్పటి ఫైలు పోయి దాని చోట్లో ఇది వస్తుంది. ఇప్పటి కొలత అక్కర్లేదా?"

కత్తెరమ్మ ఆగింది. తెర మీది అంకెలు చూసింది, బల్ల మీది నీలం గుడ్డ చూసింది. పెద్ద కొలతకు కుడితే అద్దంలో చూసుకుని టీచరు కుమిలిపోతుంది. చిన్న కొలతకు కత్తిరిస్తే మళ్ళీ అతుకు వేయలేరు, అదే గుడ్డ ఇంకో ముక్క దొరకదు. కోడలి భుజం పట్టుకుని, నెమ్మదిగా అంది: "రెండూ కావాలే. రెండూ పక్కపక్కనే ఉంచు."

కోడలు పాత ప్రతిని వేరే ఫోల్డరులోకి కాపీ చేసి, రెండు ఫైళ్ళూ పక్కపక్కన తెరిచింది. వెళ్తూ వెళ్తూ, "అన్నం తిన్నారా?" అని అడిగింది. తినలేదని తెలిసి తన టిఫిన్ డబ్బాలోది సగం పెట్టి వెళ్ళింది.

మధ్యాహ్నమంతా కత్తెరమ్మ సుద్దముక్కతో కుస్తీ పట్టింది. ఆరు ముక్కల గౌను, ఆరు కుట్లు. ఎనిమిదంగుళాల తేడాని ఆరింటికీ పంచితే ఒక్కో కుట్టుకు అంగుళంపావు పైచిలుకు. గుడ్డ పాత కొలతకు కత్తిరించింది. కుట్టు ఇప్పటి కొలతకు వేసింది. ఒంటికి గుచ్చుకోకుండా మిగిలినదాన్ని పలచగా మడిచి అణిచింది. దాని వెనక ఇంకో కుట్టు వరస, పాత కొలత మీద మరో వరస, ప్రతి కుట్టుకూ మూడు వరసలు. ఇంత పని ఏ పెళ్ళికూతురికీ చేయలేదని గొణుక్కుంది. ఆ గొణుగుడులో గర్వం కూడా ఉంది.

నాలుగో రోజు డ్రైవరు పెళ్ళాన్ని బతిమాలి వెంటబెట్టుకొచ్చాడు. టీచరు తెర వెనక గౌను వేసుకుని వచ్చి అద్దం ముందు నిలబడింది. సరిగ్గా అమరింది. భుజాలు నిటారయ్యాయి. ఆమె చేయి పక్క కుట్టు మీద పడి అక్కడే ఆగిపోయింది.

"లోపల ఏదో మందంగా ఉంది."

"గుడ్డ. నీదే. నువ్వు పెరిగేకొద్దీ ఒక్కో వరసా విప్పుతాను. రెండు విప్పితే చాలు. మూడోది నీ పాత కొలత, దాన్ని విప్పే పని లేదు."

"నేను అంత అవుతానని మీకెలా తెలుసు?" టీచరు అద్దంలోంచే అడిగింది.

"తెలీదు," అంది కత్తెరమ్మ. "కానీ గుడ్డ కత్తిరించేశాను. ఇక నువ్వు కాకపోతే నా పని పాడైపోతుంది. నా పని పాడు చేస్తావా?"

టీచరు వేళ్ళతో ఒక వరస, రెండో వరస, మూడో వరస తడిమింది. తర్వాత పెదవులు కదుపుతూ ఏవో రోజులు లెక్కపెట్టుకుంది.

"మొదటి వరస విప్పడానికి వచ్చే నెల పదిహేనున రానా? ఆ రోజు శనివారం, బడి ఒంటిపూటే ఉంటుంది."

గుమ్మం దగ్గర నిలబడ్డ డ్రైవరు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. భార్య నోట "వచ్చే నెల" అన్న మాట విని అతనికి ఎనిమిది నెలలైంది.