బాపు ఫిట్ అయిన రోజు

బాపు మెడికల్ బోర్డుకు పోయి వచ్చిన రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. ఆయనకు పెద్ద రోగం ఉందని తేలి కాదు, ఏ రోగమూ లేదని తేలి.

బొగ్గుబావుల కాలనీలో పెరగని వారికి, నాన్నను బాపు అని పిలవని వారికి ఇది విప్పి చెప్పాలి. బావిలోకి దిగే మనిషిని డాక్టర్లు ‘అన్‌ఫిట్’ అంటే ఆయన ఇంటికి, ఆయన కొడుకు పనిలోకి. అందుకే మా కాలనీలో అన్‌ఫిట్ అయితే మిఠాయి పంచుతారు, ఫిట్ అయితే పరామర్శకు వస్తారు. అప్పటికి నేను ఎంఏ ఇంగ్లీషు పూర్తి చేసి మూడేళ్లు. ఏ పనికీ ఫిట్ కాకుండా, ఇంట్లో మంచానికి మాత్రం చక్కగా ఫిట్టయి ఉన్నాను.

బాపుతో పనిచేసే పక్కింటి కాక వారం ముందు నుంచే వచ్చి పాఠం మొదలుపెట్టాడు.

“అన్నా, మెట్లెక్కంగ జర ఆగు. గోడ వట్టుకో. ఒక్కపారి దగ్గు.”

బాపు దగ్గాడు.

“గట్ల కాదే! గది గొంతుల పల్లిగింజ ఇరుక్కున్న దగ్గు. లోపటికెల్లి రావాలె.”

నేను పడీపడీ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. ముప్పై ఏళ్లు బొగ్గు తవ్విన మనిషి, కొడుకు కోసం దగ్గడం నేర్చుకుంటున్నాడు. ఆ కొడుకేమో మార్కులు వేస్తున్నాడు.

తీరా బోర్డు ముందు డాక్టరు నడవమంటే బాపు చకచకా నడిచేశాడు.

“ఆగుదామనుకున్న. కాళ్లు ఇనలే,” అన్నాడు ఇంటికొచ్చి.

“పోరని బతుకు ఆగం జేస్తివి గదనే!” అని కాక తల పట్టుకున్నాడు. నన్ను కన్న అవ్వ మొహం తిప్పుకుంది. పొయ్యి మీద చాయ్ మరిగి మరిగి నల్లబడుతున్నా బాపుకు ఒక్క గుక్క పోయలేదు.

“నేను మంచిగున్న అంటే గీ ఇంట్ల ఒక్కలకన్న సంతోషం లేదా?” అని అడిగాడు బాపు.

అవ్వ పొయ్యి ఆర్పేసింది. నేను మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను.

మర్నాడు కాక మళ్లీ వచ్చి, ఇంకోసారి బోర్డుకు పిలవమని అర్జీ రాయమన్నాడు. “ఇంగ్లీషు సదివినవ్ గద బిడ్డా, గట్టిగ రాయి.” నేను చదివిన ఇంగ్లీషుకు దొరికిన మొదటి పని అది. గట్టిగా రాద్దామని నిఘంటువు తెరిచాను. ఫిట్ అనే మాట ఎక్కడ పుట్టిందో పండితులే తేల్చలేదట. సమాన బలం గల ప్రత్యర్థి అనే పాత అర్థం నుంచి వచ్చి ఉండొచ్చని ఒక ఊహ. అది చదివి కోపంతో పుస్తకం మూసేశాను. బాపు ఇన్నేళ్లు ప్రత్యర్థిగా నిలబడింది బొగ్గుకు. ఇప్పుడు ఆ బొగ్గు పక్కన చేరి ఆయన మీదికి వస్తున్నది మేము. ఒక మనిషి ఒంటికి ఏమీ కాలేదన్న మాట విని ఇంటిల్లిపాదీ ఏడ్చేలా ఎవరు చేశారు మమ్మల్ని? పనికి ఇంకో దారి లేకుండా చేసిన వాళ్లనా తిట్టాలి, ఆ దారిలో తండ్రిని ముందుకు నెట్టిన నన్నా?

అంత కోపంలోనూ అర్జీ మాత్రం రాశాను. కోపం కన్నా నిరుద్యోగం పెద్దది.

బాపు కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఏం రాసినవో తెలుగుల జెప్పు.”

“నీకు ఆరోగ్యం బాలేదని...”

“గీ మాట?” అని అన్‌ఫిట్ మీద వేలు పెట్టాడు. కాలనీ కాగితాల్లో చూసి చూసి ఆ ఒక్క ఇంగ్లీషు మాటను ఆయన గుర్తుపడతాడు.

అబద్ధం నోటి దాకా వచ్చింది. ఆయన వేలు అక్కడి నుంచి కదల్లేదు.

“పనికిరాడని,” అన్నాను.

బాపు వేలు తీసి కాగితం మడిచాడు. దాన్ని నా చేతికిచ్చాడు.

“నువ్వు రాసినవ్, మంచిది. రాసుడు నీ పని. సంతకం మాత్రం నేను వెట్టను.”

“అయితే పోరడు?” అంది అవ్వ.

“వాడు గూడ ఫిట్టే గదా. ఏదన్న పని దేవులాడుకుంటడు.”

బూట్లు తొడుక్కుని డ్యూటీకి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా నేను మెట్‌పల్లి బస్సెక్కాను, ఒక బడిలో ఇంగ్లీషు చెప్పడానికి.