మావ మింగిన మూడో మాత్ర

నాలుగేళ్లుగా ఒక అబద్ధం నా గొంతులో చేపముల్లులా ఉంది. మింగుడుపడదు, బయటికీ రాదు. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా మావ, అంటే నా భార్య తండ్రి, విశాఖ తీరంలో పేరున్న చేపల వేటగాడు. నీళ్లలో మునిగున్న ఒక బండ ఆయనకొక్కడికే తెలుసు. అక్కడ గేలం వేస్తే కోనాం చేప తప్పదు. ఒడ్డున కొండల వరస చూసుకుని ఆ చోటు పట్టేవాడు, ఒంటరిగానే వెళ్లేవాడు. ఇంటల్లుణ్ణి, నాకూ చెప్పలేదు.

తర్వాత ఆయనకి మతి తప్పసాగింది. మెదడుకి రక్తం సరిగా అందట్లేదని డాక్టరు ఒక మాత్ర రాశారు. రోజుకి ఒక్కటే, ఎక్కువైతే బీపీ పడిపోతుంది, పోయిన జ్ఞాపకం వస్తుందని ఆశపడొద్దు అన్నారు. నేను విన్నాను. తెలీక చేశాననుకోకండి.

ఆ ఏడు వేట లేదు. రోజూ ఖాళీ పడవే. ఒక మాత్రకి కొంచెం రక్తం పారితే, మూడింటికి మతి మొత్తం తిరిగిరాదా? ఒక్కసారి ఆ బండ ఎక్కడో చెప్పేస్తే చాలు, ఆ తర్వాత... ఆ తర్వాత ఆయన ఏమైపోయినా పర్లేదనుకున్నానా? ఇక్కడికొచ్చి ఇప్పటికీ ఆగిపోతాను.

అత్తా, నా భార్యా ఎండుచేపల బుట్టలతో బజారుకెళ్లాక, వరసగా ఐదు రోజులు మూడేసి వేశాను. ఐదో రోజు మావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"తల తిరగతంది అల్లుడా. ఇన్ని మాత్తర్లేటి?"

"డాట్రు సెప్పారు మావా."

నమ్మాడు. నోరు తెరిచాడు. మూడోది కూడా మింగాడు.

"మావా, నీ బండకి ఆనవాలేటి?"

"స్టీల్ ప్లాంటు పొగగొట్టం యారాడ కొండెనక దాగాల. లైట్‌హౌసు సింవాసలం కొండకి సూటిగా రావాల. ఎవులికీ సెప్పకు."

మాత్రలవల్ల గుర్తొచ్చిందో, దానంతటదే వచ్చిందో ఈనాటికీ తెలీదు. ఆ మాట చెప్పి లేచాడు. రెండడుగులేసి గుమ్మం మీద పడిపోయాడు. తలకి దెబ్బ తగిలింది.

ఆస్పత్రిలో డాక్టరు అడిగారు, రోజుకి ఎన్ని ఇచ్చారని. పక్కన అత్త ఉంది. ఒక్కటే అన్నాను. నా అల్లుడు కొడుకు కంటే ఎక్కువగా చూశాడు బాబూ అని ఆవిడ నన్ను వెనకేసుకొచ్చింది. మూడో రోజు మావ పోయాడు.

కర్మలవగానే పడవ తీశాను. గొట్టం కొండ వెనక్కి వెళ్లింది. గేలం వేశాను. తగిలింది.

ఈరోజుకీ మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ బండ మీదే. కోనాం వండిన రోజున అత్త తలకాయ ముక్క నా కంచంలోనే వేస్తుంది. "మీ మావ సలవ, తిను" అంటుంది. తింటాను.

ఆవిడకి చెప్పే ధైర్యం లేదు. క్షమించమని మిమ్మల్నీ అడగను. రోజుకి ఒక్కటి కాదండీ, మూడు. నేనే వేశాను.