పదిలో మూడు దెబ్బలు

ఆ రోజుల్లో ఎక్కడ ఏ తప్పు జరిగినా అది నాదే అయ్యుంటుందని నాకు గట్టి నమ్మకం. మదనపల్లెలో ఇంజనీరింగు ముగించి, కుప్పం దగ్గర ఎలక్ట్రానిక్ పరికరాలను పరీక్షించే చిన్న ల్యాబులో ట్రైనీగా చేరిన కొత్త. చలికాలంలో ఉన్ని రగ్గు దులిపితే వేలికి చురుక్కుమంటుంది చూడండి, ఆ చురుకును కావాలని పుట్టించే తుపాకీ ఒకటి అక్కడ ఉండేది. దాంతో కొడితే యంత్రం తట్టుకుంటుందో, చెడుతుందో తెలిసిపోతుంది. ఆ తుపాకీ దెబ్బలో బలం సరిగ్గా ఉందో లేదో నెలకోసారి మేమే కొలిచి రిజిస్టరులో రాసుకోవాలి. ఆ పని మా సీనియరు నాకప్పగించారు. (ఏం చేసి చూపించినా 'మళ్లీ చెయ్' అంటారని ఆయనకు మేం పెట్టుకున్న పేరు మళ్లీసారు.)

నాకేమో ఆ 'టప్' శబ్దమంటే హడల్. ట్రిగ్గరు నొక్కే ముందు కళ్లు గట్టిగా మూసుకునేదాన్ని. "యాలమ్మా కండ్లు మూసుకుంటాండావు? అది నిన్నేం సెయ్యదు, సూసి కొట్టు" అనేసి మళ్లీసారు టీకి పోయారు. పదిసార్లు కొట్టాను. ఏడుసార్లు మీటరులో అంకె తక్కువొచ్చింది, మూడుసార్లు సరిపోయింది. కళ్లు మూసుకుని వంకరగా పట్టుకోవడం వల్లే ఆ ఏడూ చెడ్డాయనుకుని, మంచి మూడూ రాసి సంతకం చేశాను.

ఆ వారమే పుంగనూరు నుంచి ఒక పెద్దాయన, పాలలో వెన్న కొలిచే మిషను తానే తయారుచేసి తెచ్చారు. (ఆయనకు మేం పెట్టుకున్న పేరు పాలప్ప.) మిషను ఆ తుపాకీ దెబ్బలన్నీ తట్టుకుని పాసైంది, ఆయన సంతోషంగా బస్సెక్కారు. పదిహేను రోజులకు దాన్నే ఒళ్లో పెట్టుకుని మళ్లీ దిగారు. "పాలు పోసే ఆడోళ్ల సెయ్యి తగిలి సురుక్కుమంటే సాలు, సున్నా సూపిస్తాండాది. మీరు బాగుందనే సెప్పినారు. నా బిగింపులోనే యాడో తప్పుండాదప్పా" అని మళ్లీసారుతో చెప్పుకుని మొహం చిన్నబుచ్చుకున్నారు.

నా తప్పు నేను మోయగలను గానీ, ఇంకొకరు దాన్ని నెత్తిన పెట్టుకుని తిరుగుతుంటే చూడలేకపోయాను. "సార్, నేను ఏడు అంకెలు రాయలేదు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. "మళ్లీ సెప్పు" అన్నారు సారు. చెప్పాను. ఇక రేపు మదనపల్లె బస్సే అనుకున్నాను.

ఆయన తిట్టలేదు. తుపాకీ నా చేతికే ఇచ్చి, "ఇప్పుడు కండ్లు తెరిసి కొట్టు" అన్నారు. కొట్టాను. పదిలో ఎనిమిది తక్కువే! తుపాకీ లోపలే ఏదో అరిగిపోయింది. నన్ను నేను అనుమానించుకుని దాన్ని కాపాడుతూ వచ్చానన్నమాట.

పాలప్ప పకపకా నవ్వారు. "నా మిషనుకే రోగమనుకుంటి. మీ మిషనుకూ ఉండాదే!"

తుపాకీ రిపేరుకు బెంగళూరు పోయి వచ్చింది. పాల మిషనుకు ఎర్తు వైరు కలిపాక అసలు సిసలు దెబ్బలన్నీ తట్టుకుంది. నన్ను మాత్రం ఎక్కడికీ పంపలేదు. రిజిస్టరులో ఆ పేజీ కొట్టేసి, జరిగింది జరిగినట్టు పక్క పేజీలో నా చేతే రాయించారు.

ఇప్పుడు ఆ ల్యాబులో నేనే సీనియరును, ఆ రిజిస్టర్లన్నీ నా బీరువాలోనే ఉన్నాయి. మొన్న దుమ్ము దులుపుతుంటే ఆ పేజీ కనబడింది. మూడే మూడు అంకెల కింద, కలెక్టరు సంతకమంత పెద్దగా, రెండు గీతలు కూడా గీసిన నా సంతకం. ఇప్పుడు రోజుకు ఎన్ని సంతకాలు చేసినా ఒక్కటీ అంత ముచ్చటగా రాదు. ఆ సంతకం పెట్టిన అప్పటి పిల్లను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, ఒక టీ తాగించాలనిపించింది.