కోర్టుకు వీపు పెట్టి కూర్చున్న సారు

మా బాస్కెట్‌బాల్ సారు పోయారని కోరుట్ల నుంచి ఫోను వచ్చినప్పుడు, నేను జగిత్యాలలో మా ఇంట్లో కూర్చుని ఆయనతో వాదించడానికి పాయింట్లు రాసుకుంటున్నాను. "పొద్దుగాల చాయ్ తాగిండు భయ్యా, అట్లనే పక్కకు ఒరిగిండు" అంది సారు బిడ్డ. సరే సరే అని ఫోను పెట్టేసి ఇంకో పాయింటు రాశాను. అది ఎవరికి చెప్పడానికి రాశానో నాకే తెలియదు.

మా వాదన ఒక కుర్రాడి గురించి. సిరిసిల్ల వాడు, ఇరవై ఒక్కేళ్లు. తల్లీ తండ్రీ సాంచాల కార్ఖానాలో పనిచేస్తారు. మరమగ్గాన్ని మా వైపు సాంచ అంటాం. నేను ఒక ప్రొఫెషనల్ జట్టుకు ఆటగాళ్లను చూసిపెడతాను. రెండేళ్ల కింద సారు మాట మీదే వీడిని తీసుకొమ్మని చెప్పాను. మొదటి ఏడు బాగా ఆడాడు. రెండో ఏడు ఆట పడిపోయింది. సులువుగా గెలిచే మ్యాచుల్లో వీడే కనిపిస్తాడు, బిగిసిన మ్యాచుల్లో ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. ఉంచాలా, వదిలేయాలా రాసిమ్మని జట్టువాళ్లు నన్ను అడిగారు. వదిలేస్తే ఇంకో జట్టు తీసుకునే ఆశ లేదు. వాడు మళ్లీ సాంచాల దగ్గరికి పోవాల్సిందే. అయినా వదిలేయమనే రాద్దామనుకున్నాను. సారు మాత్రం "ఉంచు బేటా" అన్నారు. ఎందుకని అడిగితే, "గా పిలగాడు ఉరికొచ్చి ఆగుడు మంచిగున్నది" అన్నారు. అదొక కారణమా?

కానీ ఆయన పద్ధతే అది. సెలెక్షన్ల రోజు మిగతా సార్లందరూ కోర్టు వైపు కుర్చీలు వేసుకుంటే, మా సారు కుర్చీ తిప్పి కోర్టుకు వీపు పెట్టి కూర్చునేవారు. ఆయన పుట్టింది సిరిసిల్లలో. తండ్రి సాంచాలు బాగుచేసే మేస్త్రీ. కార్ఖానా నిండా సాంచాలు ఒక్కసారే నడుస్తుంటే, ఏది చెడిపోబోతుందో ఆ పెద్దాయన చప్పుడును బట్టే చెప్పేవాడట. సారు ఆ విద్యను ఆటలోకి తెచ్చారు. "కండ్లు మోసం జేస్తయి బేటా. పొడుగున్నోన్ని జూసి మురుస్తయి. చెవులకు గవన్నీ తెల్వయి" అనేవారు. బంతి నేలకు తగిలే తీరు, బూటు ఆగే తీరు విని పిల్లల్ని ఏరేవారు. వేరే ఊళ్ల వాళ్లు నవ్వితే మేం కొట్లాటకు పోయేవాళ్లం.

రింగులకు వలలు కొనేవారు కాదు. సిరిసిల్ల నుంచి నూలు తెప్పించి తనే కూర్చుని అల్లేవారు. చాయ్ వస్తే కప్పు మనకిచ్చి, సాసర్‌లో పోసుకున్నది తను తాగేవారు. ఓడిపోయి ఎవరైనా ఏడిస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. "ఏడ్సుడు ఇంటికాడ. గీడ నీళ్లు తాగు" అని సీసా చేతిలో పెట్టేవారు. మా చేత ప్రతి మాటా రెండుసార్లు చెప్పించేవారు, గట్టిగా. అది క్రమశిక్షణ అనుకున్నాం.

నా ఇరవయ్యో ఏట, నేను పైకి వెళ్లగలనా అని ఆయన్నే అడిగాను. ఒక సాయంత్రమంతా నన్ను ఒక్కడినే ఆడించి, ఎప్పటిలాగే అటు తిరిగి కూర్చున్నారు. చివరకు లేచి, "నువ్వు ఆడుడు కంటె ఆట చూసుడు మంచిగ జేస్తవు" అన్నారు. కోపం రాలేదంటే అబద్ధం. నెల రోజులు ఆయన ఎదురొస్తే పక్క సందులోకి తిరిగాను. ఆడటం మానేశాను. తర్వాత ఆ మాటే నాకు అన్నం పెట్టింది, అందుకే ఆయన్ను చివరిదాకా ప్రేమించాను.

మూడో రోజు చేసే జియారత్ ప్రార్థనలకు కోరుట్ల వెళ్లాను. మాటల్లో, సారు చెవుల గురించి ఏదో గొప్పగా అన్నాను. ఆయన బిడ్డ నా మొహం వంక వింతగా చూసింది.

"అబ్బాకు చెవులెక్కడియి భయ్యా? కుడిది నేను పుట్టకముందే పోయింది. ఎడమది సగమే. చిన్నప్పుడంత సాంచాల చప్పుడు నడుమనే ఉండె గద. మీకు తెల్వదా?"

మాకు తెలియదు. ఇన్నేళ్లు, ఇంతమంది శిష్యులం, ఒక్కడికీ తెలియదు.

మరి ఆ కుర్చీలో కూర్చుని ఆయన ఏం విన్నారు? సగం చెవి చాలిందా? లేక ముందే మమ్మల్ని నెలల తరబడి చూసి మనసులో తేల్చుకుని, తను వద్దన్న పిల్లల మొహాలు చూడలేక అటు తిరిగేవారా? నా సాయంత్రం సంగతేమిటి? సిరిసిల్ల పిల్లవాడి విషయంలో ఆయన్ను నమ్మితే, నా విషయంలోనూ నమ్మాలి. వాడి విషయంలో నమ్మకపోతే నా పాతికేళ్లు ఏమైనట్టు? కారులో జగిత్యాల దాకా ఇదే లెక్క తిరగేసి మరగేసి చేశాను. ఎటూ తేలలేదు. ఆయన మీద కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ఎప్పుడు వచ్చిందో చెప్పలేను.

మరునాడు సిరిసిల్ల వెళ్లి ఆ పిల్లవాడి ప్రాక్టీసు గంటసేపు చూశాను. కొన్ని షాట్లు పడ్డాయి, కొన్ని పడలేదు. ఉరికొచ్చి ఆగడం బాగానే ఉన్నట్టుంది. లేక సారు చెప్పారు కాబట్టి నాకట్లా కనిపించిందేమో. అక్కడే ఫోనులో జట్టువాళ్లకు ఒక్క ముక్క రాసి పంపేశాను. కారణం రాయాల్సిన చోట మూడుసార్లు రాసి కొట్టేసి, ఖాళీగా వదిలేశాను.

వాడు బంతి చంకలో పెట్టుకుని దగ్గరికి వచ్చాడు.

"ఏం రాసినవన్నా?"

"ఇంకో ఏడాది ఉంచుమని రాసిన."

వాడు సంతోషించలేదు. "ఎందుకన్నా? నేను మంచిగ ఆడుతలేను గద."

"తెల్వదు రా" అన్నాను. "నిజంగ నాకు తెల్వదు."

నా ఇరవై ఏళ్లప్పుడు సారు నాతో ఈ 'తెల్వదు' అన్న ముక్కే అని ఉంటే, నేను అప్పుడే ఆట మానేసేవాడిని కాదేమో. వాడు వెళ్లలేదు. ఇంకేమైనా అంటానేమోనని నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. వాడి గడ్డం మీది నుంచి చెమట ఒక్కొక్క చుక్కా సిమెంటు మీద పడి ఆరిపోతోంది.