బీడీ దారంతో కట్టిన ఫోను

మా అత్తమ్మ చేతికి దారం దొరికితే చాలు, దేన్నయినా కట్టేస్తుంది. కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు అది అలవాటే. విరిగిన కళ్లజోడుకీ అదే దారం, ఊడిన గరిటె పిడికీ అదే దారం. ఒకరోజు చూస్తే ఆమె ఫోనుకు కూడా దారం చుట్టి ఉంది, పైనుంచి కింది దాకా బిగుతుగా.

"ఇదేందత్తమ్మా?" అన్నాను.

"ఎన్క మూత లేస్తుంది పిల్లా. గందుకే బిగిచ్చి కట్టిన."

చేతిలోకి తీసుకుంటే వేడిగా ఉంది. మూత సందులోంచి చూస్తే బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. ఆ ఫోనును ఆమె దిండు కింద పెట్టి చార్జింగ్ చేస్తుంది. మధ్యాహ్నం పూట ఆ దిండు మీదే నా రెండేళ్ల కూతురు పడుకుంటుంది. మిగతా వేళంతా ఆ ఫోను ఆమె ఒళ్లోని చాటలో, ఎండిన ఆకు, తంబాకు మధ్యనే ఉంటుంది.

సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే మా అన్నకు వెంటనే ఫోను చేశాను.

"దాన్ని ఒత్తద్దు చెల్లె, పొడవద్దు. దారం మెల్లగ ఇప్పి ఫోన్ బందు చెయ్యి. మళ్ల చార్జింగ్ పెట్టకు. ఇసుక పోసిన గిన్నెల పెట్టి రిపేరు దుకాణానికి తీస్కపో," అన్నాడు.

విప్పబోతే అత్తమ్మ ఫోను లాక్కుంది. ఆమె భయం వేరు. నా భర్త దుబాయిలో ఉంటాడు. తల్లికి చదువు రాదని, సెలవు రోజు వచ్చినప్పుడల్లా తన మాటలు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపుతాడు. ఆమె వాటిని బీడీలు చుడుతూ మళ్లీ మళ్లీ వింటుంది. తిన్నావా అమ్మా అని ఫోను అడిగితే, "తిన్న కొడుకా" అని ఇక్కడ జవాబిస్తుంది. తన మాట పంపమంటే మాత్రం సిగ్గు.

"బ్యాటరీ తీస్తే నా కొడుకు మాటలు పోతయి. గన్ని మాటలు నిండినయి గాబట్టే ఉబ్బింది," అంది.

నాకు కోపం ఆగలేదు. "రేపు నీ మనుమరాలు కాలితే ఎవలు జవాబు చెప్తరు?" అని అరిచాను.

ఆమె నిద్రపోతున్న పిల్ల వంక చూసి, దారం కొస తనే విప్పింది.

కోరుట్లలో ఆ బ్యాటరీ దొరకలేదు. పిల్లను పక్కింటివాళ్లకు అప్పగించి జగిత్యాల బస్సెక్కాం. ఫోను పెట్టిన ఇసుక గిన్నె అత్తమ్మ ఒళ్లో ఉంది.

"ఏం తీస్కపోతున్నవ్ అవ్వా?" అన్నాడు కండక్టరు.

"నా కొడుకును," అంది.

కండక్టరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"మాటలు బ్యాటరీల ఉండయమ్మా, ఫోన్ల వేరే తాన ఉంటయి. దీంట్ల ఉండేది ఉత్త కరెంటే," అన్నాడు జగిత్యాలలో రిపేరు దుకాణం అతను, అత్తమ్మ భయం చెప్పగానే. ఉబ్బినదాన్ని జాగ్రత్తగా తీసి, చెత్తలో వేయకూడదంటూ పక్కనున్న ఇసుక బకెట్టులో పెట్టాడు. కొత్తది బిగించి, "ఇగ మెత్త కింద చార్జింగ్ పెట్టద్దు. గట్టి బల్ల మీద, గాలి తగిలే తాన పెట్టు. నిండంగనే తియ్యి," అన్నాడు.

ఫోను వెలిగింది. నేను పాత సందేశం ఒకటి నొక్కాను. కొడుకు గొంతు వినగానే అత్తమ్మ అందరి ముందూ ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది. నా భర్త గొంతే కదా అది.

బస్టాండులో కూర్చున్నాక, "మాట పంపాల్నంటే ఎట్ల ఒత్తాలె?" అని అడిగింది. చూపించాను. చేను అవతలి మనిషిని పిలిచినట్టు అరిచింది: "కొడుకా, ఫోను మెత్త కింద పెట్టి పండకు! ఉబ్బితే దారం కట్టకు!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె పట్టించుకోలేదు.

తర్వాతి సెలవు రోజున జవాబు వచ్చింది. "అమ్మా, నీ మాట రూంల అందరికి ఇనిపిచ్చిన. మంచాల మీద చార్జింగ్ పెట్టిన ఫోన్లన్ని తీసి బండల మీద పెట్టినం. మా పక్క మంచపాయన నీ మాట మళ్ల మళ్ల పెట్టుమంటున్నడు. ఆయనకు అమ్మ లేదు."

అత్తమ్మ చాట పక్కకు జరిపి మీట నొక్కింది. ఈసారి అరవలేదు.

"గాయనకు నా నంబరియ్యి కొడుకా," అంది.