మంచులో గడిచిన జలగండం

మా ఆయనకి జలగండం ఉందని పెళ్ళిచూపుల్లోనే చెప్పేశారు. దాచలేదు, అందుకు మెచ్చుకోవాలి. మా అత్తగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, "చూడమ్మాయ్, మావాడికి ముప్పై ఆరు నిండేదాకా నీళ్ళ గండం ఉందని సిద్ధాంతిగారు చెప్పారు. నువ్వు కూడా ఓ కన్నేసి ఉంచాలి మరి" అన్నారు. నేను బీఎస్సీ పాసైనదాన్ని. నవ్వాపుకోలేక తల దించుకున్నాను. పిల్ల సిగ్గుపడుతోందని అందరూ మురిసిపోయారు. గండం ఉన్నవాడికి పిల్లనెవరిస్తారు, అందుకే ఆయనకి పెళ్ళి ఆలస్యమైంది. నాకూ వయసు మీద పడుతోంది, అది వేరే సంగతి.

కాపురానికి వచ్చాక నవ్వు ఎగిరిపోయింది. మా ఊరు ఆత్రేయపురం పక్కన. ఎటు చూసినా నీళ్ళే. ఇటు కాలవ, అటు గోదావరి, మధ్యలో చేల బోదెలు. అలాంటి చోట పుట్టి పెరిగిన మనిషికి ఈత రాదు. కాలవలో కాలు పెట్టి ఎరగరు. ఆ ఏడు పుష్కరాలకి ఊరు ఊరంతా రేవులో మునుగుతుంటే, ఈయన గట్టు మీద పీట వేసుకుని కూర్చున్నారు. అత్తగారు ఎవరి చేతో చెంబుతో నీళ్ళు తెప్పించి నెత్తిన పోశారు. లంకలో ఉన్న అరటితోటకి పడవెక్కి వెళ్ళాలి కాబట్టి దాన్ని ఎప్పుడో కౌలుకిచ్చేసి, ఈయన చేత రావులపాలెంలో ఎరువుల కొట్టు పెట్టించారు.

నేను మొదట్లో వేళాకోళం చేసేదాన్ని. ఆ తర్వాత అసలు సంగతి తెలిసింది. మా మామగారు పోయింది గోదావరిలోనే. వరద ఎక్కువవుతోందని తెలిసి, లంకలో కట్టేసి ఉన్న గేదెల్ని విప్పడానికి పడవేసుకుని వెళ్ళారు. గేదెలు ఈదుకుంటూ ఒడ్డుకి వచ్చేశాయి. ఆయన రాలేదు. అప్పటికి మా ఆయన ఇంకా ఉయ్యాల్లో ఉన్నారు. ఆ నెలలోనే సిద్ధాంతిగారు పిల్లాడి జాతకం చూసి గండం మాట చెప్పారు. మా అత్తగారు అప్పట్నించీ గోదావరిలో కాలు పెట్టలేదు, కొడుకుని పెట్టనివ్వలేదు. ఇది విన్నాక వేళాకోళం నా నోట్లోంచి ఎలా వస్తుంది?

పుష్కరాలు వెళ్ళిన ఆ చలికాలంలో, పురుగుమందుల కంపెనీ ఒకటి సరుకు బాగా అమ్మిన డీలర్లని భార్యలతో సహా మనాలీ తీసుకెళ్తానంది. మంచు చూపిస్తారట, కాళ్ళకి చెక్కలు కట్టి మంచు మీద జారిస్తారట, కొండ మీంచి గొడుగు లాంటిది కట్టి గాల్లోకి వదుల్తారట. నేను ఎగిరి గంతేశాను. పెళ్ళయ్యాక అన్నవరం, తిరుపతి తప్ప నేను చూసిందేముంది కనక!

అత్తగారు ఒక్కటే అడిగారు.

"అక్కడ ఏరుందా?"

"లేదమ్మా, అన్నీ కొండలే" అన్నారీయన, కళ్ళార్పకుండా.

"అయితే నేనూ వస్తాను."

"కొండలేనంటున్నా కదే!"

"ఆఖరి ఏడురా ఇది. వచ్చే మాఘమాసంతో నీకు ముప్పై ఆరు నిండుతాయి. నడి గోదాట్లో మునగని పడవ రేవుకొచ్చి మునిగిందని ఎన్నిసార్లు వినలేదూ? నేనొస్తున్నాను, అంతే."

ఇంకేమంటాం? ఆవిడ టిక్కెట్టు మేమే కొనుక్కున్నాం. మంచులో మొగుడూ పెళ్ళాలం చెయ్యీ చెయ్యీ పట్టుకు తిరుగుదామని నేను కన్న కలలన్నీ గంగలో కలిశాయి. ఆ మాట కూడా ఆవిడ దగ్గర పైకి అనడానికి లేదు.

ఏరు లేదన్న అబద్ధం మనాలీ చేరేదాకానే బతికింది. మాకిచ్చిన గది కిటికీ కిందే ఏరు, బండల మీద నురగలు కక్కుతూ, ధవళేశ్వరంలో గేట్లెత్తినప్పటి హోరుతో. అత్తగారు కిటికీలోంచి తొంగిచూసి, కొడుకు వైపు తిరిగి, "మరి ఇవేంట్రా? పాలా?" అన్నారు. ఆయన గబగబా వంగి బూట్ల లేసులు కట్టుకోసాగారు. అప్పటికే కట్టి ఉన్నాయవి. ఆవిడ కిటికీకి గడియ పెట్టించి, తన మంచం దానికి అడ్డంగా లాగించుకున్నారు. అంత దూరం వెళ్ళి మాకు కొండా లేదు, వెలుతురూ లేదు.

మర్నాడు గాల్లో ఎగరడం. కొండ నెత్తిన మనిషికి పట్టాలు బిగించి, వెనకాల తెలిసినవాడొకడు నిలబడి, పెద్ద రంగుల గుడ్డ ఒకటి విప్పుతాడు. ఇద్దరూ కలిసి వాలులోకి పరిగెడతారు. కాళ్ళ కింద నేల అయిపోయాక కూడా ఇంకా పరిగెడుతూనే ఉంటారు. ఈయన వంతు వచ్చేసరికి నేను అత్తగారి దగ్గరికి పరిగెత్తాను.

"అత్తయ్యగారూ, వద్దని చెప్పండి. మీ మాటైతే వింటారు" అన్నాను.

ఆవిడ మంకీ టోపీ పెట్టుకుని వేయించిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. "ఎందుకే కంగారు? గాల్లో గండం లేదుగా వాడికి."

"కొండ మీంచి దూకుతున్నారండీ!"

"దూకనీ. కింద నీళ్ళు లేవు. అదంతా చూసుకునే కూర్చున్నాను."

ఒళ్ళు మండిపోయింది నాకు. మోకాలు లోతు బోదె దాటుతుంటే గుండెలు బాదుకునే మనిషి, ఆకాశంలో వేలాడుతున్న కొడుకుని చూసి చెయ్యి ఊపుతున్నారు! నేనేమో కళ్ళు మూసుకుని పుస్తెలు పట్టుకుని నించున్నాను. ఆయన దిగి, మంచులో చతికిలబడి, "భలే ఉందోయ్, నువ్వూ ఎక్కు" అన్నారు. "మీ దుంప తెగ! ఎక్కడమా? ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చచ్చాను ఇక్కడ" అని డీలర్లందరి ముందే తిట్టిపోశాను.

ఆ తర్వాతి రోజు జారుడు చెక్కలు, అదే స్కీయింగ్. కిరాయి కోటు, కిరాయి బూట్లు. లుంగీ కట్టి కొట్లో యూరియా బస్తాల మధ్య కూర్చునే మనిషి ఆ వేషంలో నడుస్తుంటే బాతు నడిచినట్టుంది. నేర్పే ఆయన హిందీలో ఏదో చెప్పాడు. మోకాళ్ళు వంచాలని, ఆగాలంటే చెక్కల ముక్కులు రెండూ దగ్గరికి తేవాలని చేతులతో చూపించాడు. అందరూ పడుతున్నారు, లేస్తున్నారు, ఒకరినొకరు చూసి నవ్వుకుంటున్నారు. అత్తగారు టీకొట్టు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో నిశ్చింతగా ఉన్నారు. మంచుని ఆవిడ అసలు అనుమానించలేదు. వచ్చిన రోజే గుప్పెడు తీసి, పొడిపొడిగా ముగ్గుపిండిలా ఉందని తేల్చేశారు. చేతికి ఉన్ని తొడుగు ఉందాయె, కరిగితే కదా తెలిసేది!

ఈయన రెండుసార్లు బాగానే జారారు. మూడోసారి ధీమా వచ్చేసింది. వాలు ఎక్కువగా ఉన్న వైపుకి పోయారు. చెక్కల ముక్కులు దగ్గరికి తెస్తే కదా, అవి చెరో దారీ పట్టాయి. పాతిన జెండాల్ని దాటి, పక్కన చెట్ల కింద గాలి కుప్పపోసిన మెత్తటి మంచులోకి తలకిందులుగా దిగబడిపోయారు. కొమ్మల మీది మంచు కూడా జారి పైన పడింది. పైకి ఒక కాలు, దాని చెక్కా మాత్రం కనిపిస్తున్నాయి. అందరం ఘొల్లున నవ్వాం. నేను కూడా నవ్వాను. తర్వాత ఆ కాలు కొట్టుకోవడం మానేసింది.

ఎలా పరిగెత్తానో తెలీదు. అడుగేస్తే మోకాలు దాకా దిగుతోంది. నేర్పే ఆయన కుక్క తవ్వినట్టు రెండు చేతుల్తో తవ్వుతున్నాడు, ఇద్దరు డీలర్లు కాళ్ళు పట్టి లాగుతున్నారు. ఆ కాసేపట్లో నేను మొక్కని దేవుడు లేడు. పట్టిసం వీరభద్రుడికి తలనీలాలిస్తానన్నాను, నా జుట్టే. బీఎస్సీ ఎటు పోయిందో! చివరికి బయటికి లాగారు. మొహం నీలంగా ఉంది. ముక్కులో, నోట్లో మంచు కూరుకుపోయి ఉంది. నేర్పే ఆయన వేలు పెట్టి నోట్లోది తీసి, బోర్లా తిప్పి వీపు మీద చరిచాడు. ఇంకోసారి చరిచాడు. అప్పుడు దగ్గారు. ముక్కు నించీ నోటి నించీ నీళ్ళు కారాయి. ఆ దగ్గు విని నేను అక్కడే కూలబడి ఏడ్చాను. హమ్మయ్య అనే మాటకి అర్థం నాకు ఆ రోజే తెలిసింది.

అంతలో అత్తగారు వచ్చారు. చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి, ఒట్టి మేజోళ్ళతోనే పరిగెత్తుకొచ్చారు. చేతి తొడుగు పీకేసి కొడుకు మొహం తుడిచారు. అరచేతిలో మంచు కరిగింది. చెయ్యి కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశారు.

"ఇవి నీళ్ళురా!"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"లోపల ఊపిరాడలేదా నీకు?"

"ఆడలేదమ్మా."

"ముక్కులోకి వెళ్ళాయా? నోట్లోకి?"

"వెళ్ళాయే, కాస్త ఆగవే."

"తల మునిగిందా? పూర్తిగా మునిగిందా?"

"మునిగానే తల్లీ! కాలొక్కటీ తప్ప మొత్తం మునిగాను!"

ఆవిడ మంచులో చతికిలబడి ముందు లెంపలేసుకున్నారు. తర్వాత నవ్వారు. ఆ నవ్వులోనే ఏడుపు వచ్చేసింది. "గడిచిపోయిందే అమ్మాయ్! తలకి రావలసింది తలపాగాతో పోయింది! గడ్డ కట్టినంత మాత్రాన నీళ్ళు కాకుండా పోతాయటే? మునిగాడు, తేలాడు, అయిపోయింది!"

"పెద్దావిడకి చలి తలకెక్కినట్టుందండి" అన్నారు ఒక డీలరుగారు నాతో, మెల్లిగా. నేను తల అడ్డంగా ఊపాను. మంచుగడ్డా నీరూ ఒకటేనని నేను చదివిన బీఎస్సీ కూడా చెప్పింది. ఆవిడతో ఒప్పుకోవడానికి నాకు ఏ శాస్త్రమూ అడ్డు రాలేదు.

దిష్టి తియ్యడానికి అక్కడ కొబ్బరికాయ ఎక్కణ్ణించి వస్తుంది? టీకొట్టులోంచి ఆపిల్ పండు ఒకటి తెప్పించి, కొడుకు చుట్టూ మూడుసార్లు తిప్పి బండకేసి కొట్టారు. నేర్పే ఆయనకి మేం తీసుకెళ్ళిన పూతరేకుల పెట్టె ఇచ్చేశారు. ఆయన పైపొర కాగితమనుకుని ఒలవబోయాడు. "తినవయ్యా బాబూ, అదే తినేది" అని అచ్చ తెలుగులో గదమాయిస్తే తిన్నాడు.

సాయంత్రం, ఎస్టీడీ బూత్‌కి తీసుకెళ్ళమన్నారు. సిద్ధాంతిగారికి ఫోనట. ఆయన ఇప్పుడు మంచు పనికిరాదు, గండం అలాగే ఉందంటే? ఇంత సంతోషమూ ఆ బూత్‌లోనే ఆవిరైపోతుంది. పక్కనే నించుని ఊపిరి బిగబట్టి విన్నాను.

"నమస్కారమండి సిద్ధాంతిగారూ. మావాడి గండం గడిచిందండి. మంచులోనండి... ఆఁ, మునిగాడండి, తల కూడా... అబ్బే, అడగడానికి కాదండీ. చెప్పడానికే చేశాను. ఉంటానండి."

పెట్టేశారు. అటువైపు నించి ఆయన ఏమన్నారో నాకు ఇప్పటికీ తెలీదు. ఆవిణ్ణి అక్కడే గట్టిగా వాటేసుకుని ముద్దు పెట్టేశాను. "ఛీ, ఇదేం పిల్లే" అన్నారు గానీ తోసెయ్యలేదు. గదికి వెళ్ళగానే మంచం పక్కకి లాగించి, కిటికీ బార్లా తెరిపించారు. ఏటి హోరు వింటూ హాయిగా గురకపెట్టి నిద్రపోయారు.

తిరుగు రైలు కొవ్వూరు దాటి వంతెన ఎక్కింది. ఎప్పుడూ అక్కడికి రాగానే కొడుకు చొక్కా కొస పట్టుకుని కూర్చునే మనిషి, ఈసారి ఆయన్ని లేపి కిటికీ పక్కన కూర్చోబెట్టారు. "నాణెం నువ్వే వెయ్యరా" అన్నారు. ఆయన చెయ్యి ఊచల్లోంచి బయటికి చాపి వేశారు. తన చేత్తో గోదావరికి నాణెం వెయ్యడం ఆయనకి అదే మొదలు. రాజమండ్రిలో దిగేదాకా ఆ కిటికీ వదల్లేదు.

ఇల్లు చేరి బట్టలైనా ఉతక్కుండా ఓడలరేవు సముద్రానికి తీసుకెళ్ళమని పేచీ పెట్టారీయన, చిన్నపిల్లాడిలా. వెళ్ళాం. అల కాళ్ళని తాకినప్పుడల్లా కెవ్వున అరవడం, పారిపోయి రావడం, మళ్ళీ వెళ్ళడం. చుట్టుపక్కల పిల్లలు నవ్వుతున్నా పట్టించుకోలేదు. అత్తగారు దూరంగా సరుగుడు చెట్ల కింద కూర్చున్నారు. రమ్మని పిలిస్తే, "నాకేం పని అక్కడ? మీరు ఆడుకోండి" అన్నారు.

తర్వాతి ఆదివారం మాత్రం ఆవిడే అడిగారు, అంతర్వేది వెళ్దామని. నరసింహస్వామి దర్శనం చేసుకుని, గోదావరి సముద్రంలో కలిసే చోటుకి ఇసకలో నడిచాం. ఈయన పంట్లాం మడిచి మోకాళ్ళ లోతుకి దిగారు. నేను దిగాను. వెనక్కి చూస్తే అత్తగారు చెప్పులు విప్పి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంటున్నారు. ఇద్దరం పరిగెత్తి చెరో చెయ్యీ పట్టుకున్నాం. అక్కర్లేదని విడిపించుకుని, ఒక్కరే దిగారు. వచ్చిన అల నడుం దాకా తడిపినా కదల్లేదు.

దోసిలితో నీళ్ళు తీసుకున్నారు. సూర్యుడికి అర్ఘ్యమిస్తారేమోననుకున్నాను. ఆవిడ సూర్యుడి వైపు చూడలేదు, సముద్రం వైపూ చూడలేదు. గోదావరి వస్తున్న వైపుకి తిరిగి, పక్క గదిలో ఉన్న మనిషితో మాట్లాడినట్టు మామూలుగా అన్నారు.

"ఏవండీ, పిల్లాడు గట్టెక్కాడండీ. ఆ వేళ మీకు కూడా కాస్త మంచు దొరికుంటే బాగుండేది."