దుప్పటి తెచ్చుకోమన్న మామ

నిన్న పొద్దున తాండూరు నుంచి అత్తమ్మ ఫోన్ చేసింది. "మీ మామ పోయిండు బిడ్డా" అంది. "ఆయన పెట్టుకున్న రేడియో బందు చేద్దామంటే చెయ్యి వస్తలేదు" అని కూడా చెప్పింది.

రేడియోలో ఏళ్ల తరబడి సినిమాల మంచీచెడూ చెప్పిన మా మేనమామ గొంతు మీలో చాలామందికి తెలుసు. ఆ గొంతు మొదట లేచింది తాండూరు బజారులో, డేరా టాకీసు ఎడ్లబండి మీద.

రజాకార్ల గొడవ సద్దుమణిగిన కొన్నేళ్లకు, వికారాబాద్‌లో చదువు ఆపేసి తాండూరు చేరాడు. రేకు బాకా పట్టుకొని కొత్త సినిమా గురించి ఊరంతా చాటడం పని. చాటడమంటే పొగడటమే కదా! మా మామకు ఆ విద్య అబ్బలేదు. ముందే చూసి, ఉన్నదున్నట్టు చెప్పేసేవాడు.

టాకీసు సేటు కూతురితోనే ఆయనకు పెళ్లి ఖాయమైంది. సరిగ్గా ముహూర్తం దగ్గరపడిన వేళ బజారు నడుమ బండి ఆపి ఇలా చాటాడు:

"పాటలు మస్తున్నయ్! కథ జరంతనే. ఇంటర్వెల్ అయినంక నిద్రొస్తది, దుప్పటి తెచ్చుకోండ్రి!"

సేటు ధోవతి ఎగ్గట్టి ఉరికొచ్చాడు. "నీ నోరు పాడుగాను! రేపు నా బిడ్డను గూడ గిట్లనే చాటుతవా? పెండ్లి లేదు గిండ్లి లేదు, పో!"

"అబద్ధం చెప్తే రేపు నా మాట ఎవడింటడు సేటూ?" అన్నాడు మామ.

సాయంత్రం డేరా కిటకిటలాడింది. కొడంగల్ దారి నుంచి కూడా బండ్లు వచ్చాయి. అందరి చంకల్లో దుప్పట్లే! మామ మాట నిజమో కాదో తేల్చుకోవాలిగా. ఇంటర్వెల్ తర్వాత గురకలు మొదలయ్యాయి. అన్నిటికన్నా పెద్ద గురక సేటుది. లేచాక పెళ్లి వద్దనడానికి ఆయనకు ముఖం చెల్లలేదు.

మామ మాత్రం చివరిదాకా కూర్చున్నాడు. "ఆఖరు దాకా కూసున్నోనికే తిట్టే హక్కు" అనేవాడు.

పెళ్లిలో చుట్టాలు బాకా చేతికిచ్చి, "పెండ్లిపిల్ల ఎట్లుందో చాటు" అని పట్టుబట్టారు. సేటుకు చెమటలు పట్టాయి.

"ఇప్పుడే మొదలైంది. ఆఖరు దాకా కూసోని చెప్త!" అన్నాడు మామ.

ఆ మాటతో అత్తమ్మ ఆయన్ని ఎంత సతాయించిందో! కూరలో ఉప్పెక్కువైందంటే చాలు, "ఇంక ఆఖరు కాలే, గమ్మున తిను" అనేది. ఊరందరి సినిమాలకూ తీర్పు చెప్పిన మనిషి నోరు మూసుకొని తినేవాడు.

నేను వెళ్లేసరికి మామ కుర్చీ ఖాళీగా ఉంది. రేడియో ఇంకా పాడుతూనే ఉంది.

"ఆఖరు దాకా కూసోని చెప్తనన్నడు. ఎట్లున్ననో చెప్పకనే లేచిపోయిండు సూడు" అంటూ అత్తమ్మ ఏడుస్తూనే నవ్వింది.

మధ్యాహ్నం ప్రసారం ముగిసి ఉత్త గరగర మిగిలేదాకా, మామ దుప్పటి ఒళ్లో పెట్టుకొని ఆమె అక్కడే కూర్చుంది.